‘చాలదు’ వేరు, ‘కాదు’ వేరు

మా మేనకోడలు డిగ్రీ పూర్తి చేసింది. మా గూడెంలో డిగ్రీ దాకా పోయిన మొదటి ఆడపిల్ల. ఎంబీఏ చదువుతానని ఐసెట్‌కు దరఖాస్తు పెట్టి, పట్నంలో నెలన్నర కోచింగ్‌కు పోయింది. రెండు సీజన్ల తునికాకు డబ్బులు మా అక్క దాచిపెడితే ఆ ఫీజు కట్టగలిగారు. మధ్యలో ఒకసారి ఇంటికొచ్చినప్పుడు నేను ఆమె గైడు తిరగేశాను. మొదటి ఇరవై ప్రశ్నల పేజీల మీద పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టి ఉన్నాయి.

“ఏందమ్మా ఇది?”

“అవి వదిలెయ్యమన్నారు మామా.”

“ఎవరు?”

“కోచింగ్ సారు. ఎస్టీలకు క్వాలిఫై మార్కులు లేవంట కదా. ఇవి మీకు ఎక్కవు, అన్నిటికీ మూడో ఆప్షన్ దిద్దేసి ముందుకు పోండి అన్నారు. వెనక బెంచీల్లో మేం నలుగురం ఉన్నాం. మాకే చెప్పారు.”

ఆ సారు పేరు నాకు అక్కర్లేదు. అలాంటి మాట ఆయనొక్కడి నోటి నుంచే వచ్చి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఇదే మాటను మన ఆశ్రమ పాఠశాలల స్టాఫ్ రూముల్లో విన్నాను. “మనోళ్లకు పాస్ అయితే చాలు సార్” అని మన టీచర్లే అంటుంటే విన్నాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒకటి రెండు సార్లు నేనూ అన్నాను. కాబట్టి ఈ గొడవ ముందు మనతోనే.

ఆ ఇరవై ప్రశ్నలు ఏమిటి?

ఐసెట్ మన రెండు రాష్ట్రాల్లో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు పెట్టే పరీక్ష. 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఇందులో విశ్లేషణ సామర్థ్యం అనే భాగానికి 75 మార్కులు. ఆ 75లో 20 మార్కులు ‘డేటా సఫిషియెన్సీ’కి. తెలుగు గైడ్లలో దీన్ని ‘దత్తాంశ పర్యాప్తత’ అంటారు. ఆ పేరు చూసే మన పిల్లలు సగం మంది పేజీ తిప్పేస్తారు. మాట పెద్దదే కానీ అర్థం చిన్నది. ‘ఇచ్చింది సరిపోతుందా?’ అని, అంతే.

ప్రశ్న ఇలా ఉంటుంది. ముందు ఒక ప్రశ్న అడుగుతారు. దాని కింద రెండు వాక్యాలు ఇస్తారు. ప్రశ్నకు జవాబు చెప్పమని అడగరు. జవాబు చెప్పడానికి ఆ వాక్యాలు సరిపోతాయో లేదో చెప్పమంటారు. ఐసెట్‌లో నాలుగు ఆప్షన్లు. ఒకటో వాక్యం ఒక్కటే చాలితే 1. రెండో వాక్యం ఒక్కటే చాలితే 2. విడివిడిగా చాలక, రెండూ కలిస్తే చాలితే 3. రెండూ కలిసినా చాలక, ఇంకా సమాచారం కావాలంటే 4.

ఈ రకం ప్రశ్నకు పేరు తెచ్చింది అమెరికా బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్. అక్కడ ఆప్షన్లు ఐదు. ‘ఏ ఒక్కటైనా దానంతట అదే చాలు’ అన్నది కూడా ఉంటుంది. 2023లో ఆ పరీక్షను మార్చినప్పుడు ఈ ప్రశ్నల్ని గణితం భాగంలోంచి తీసి, సమాచారాన్ని పరిశీలించే భాగంలో పెట్టారు. ఈ ప్రశ్న కొలిచేది కూడికలు, తీసివేతలు ఎంత వేగంగా చేస్తామన్నది కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. పరీక్షను బట్టి ఆప్షన్లు మారతాయి కాబట్టి ఎక్కడ రాసినా ముందు సూచనలు చదవాలి.

ఇప్పుడు ఆ ఇరవై మార్కుల సంగతి. ఎస్టీ అభ్యర్థికి ఐసెట్‌లో కనీస అర్హత మార్కులు లేవన్నది నిజమే. ఎస్సీలకూ లేవు, మిగతావాళ్లకు 25 శాతం రావాలి. ఆ వెసులుబాటు మన పోరాటంతో, రాజ్యాంగంతో వచ్చింది. దాన్ని తలుపులా వాడుకోవాలి. దాన్నే మనకు పైకప్పుగా వేస్తున్నారు. కనీస మార్కులు లేకపోయినా ర్యాంకు ఉంటుంది కదా? తెలంగాణలో 2022 నుంచి మన రిజర్వేషన్ పది శాతం. ఆ పది శాతం సీట్లలో ఎవరు యూనివర్సిటీ కాలేజీలో కూర్చుంటారో, ఎవరు పాఠం చెప్పే మనిషే లేని కాలేజీకి పోతారో తేల్చేది ర్యాంకే. ఇరవై ప్రశ్నలకు గుడ్డిగా ఒకే ఆప్షన్ దిద్దితే, నాలుగు జవాబులూ సమానంగా ఉన్నాయనుకుంటే, ఐదు మార్కులు వస్తాయి. పదిహేను పోతాయి. ఆ పదిహేను మార్కులు మా అక్క రెండు సీజన్లు అడవిలో వంగి ఏరిన ఆకు.

లెక్క చేయకపోవడమే లెక్క

మన ఇంటి సంగతితోనే మొదలుపెడదాం. లెక్క కోసం అంకెలు నేను వేసుకున్నవి.

అక్క ఈ రోజు తునికాకు మీద ఎంత సంపాదించింది? ఒకటో వాక్యం: ఆమె 140 కట్టలు కట్టింది. రెండో వాక్యం: కట్టకు 3 రూపాయలు ఇస్తున్నారు.

ఈ ప్రశ్న ఇవ్వగానే మన పిల్లలు పెన్ను తీసి 140ని 3తో గుణించి 420 అని రాస్తారు. గుణకారం తప్పు లేదు. కానీ 420 అని ఎవరూ అడగలేదు. కట్టలు తెలిసి ధర తెలియకపోతే చెప్పలేం. ధర తెలిసి కట్టలు తెలియకపోతే చెప్పలేం. రెండూ ఉంటే చెప్పగలం. జవాబు 3. గుణించిన ఇరవై సెకన్లు దండగ. ‘చేయగలను’ అని తెలిసిన చోట ఆగిపోవడమే ఇక్కడి విద్య. లెక్కల్లో వెనకబడ్డామనుకునే పిల్లలకు ఇంతకంటే అనువైన భాగం ఆ పేపర్లో ఇంకొకటి లేదు. పదో తరగతి లెక్కలు తెలియాలి, అది నిజం. కానీ పొడుగాటి గుణకారాలు, భాగహారాలు చాలాచోట్ల చేయనక్కర్లేదు.

మరి ఎందుకు తప్పు చేస్తారు? నేను మా మేనకోడలితో, ఆమె స్నేహితులతో కూర్చుని చూశాను. తప్పులన్నీ దాదాపు నాలుగు గుంటల్లోనే పడుతున్నాయి.

మొదటి గుంట: రెండో వాక్యం చదివేటప్పుడు ఒకటో వాక్యాన్ని మరిచిపోలేకపోవడం. ఒకటి చదివి తలలో పెట్టుకుంటాం. రెండోది చదవగానే తెలియకుండానే రెండూ కలిపేస్తాం. ‘రెండోది చాలు’ అనేస్తాం. దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఒకటో వాక్యం చూసేటప్పుడు రెండోదాన్ని అరచేత్తో కప్పండి. రెండోది చూసేటప్పుడు ఒకటోదాన్ని కప్పండి. విడివిడిగా ఏదీ చాలనప్పుడే చెయ్యి తీసి రెండూ కలిపి చూడండి. మన ఊళ్లో పంచాయితీ కూర్చున్నప్పుడు పెద్దమనుషులు చేసేదీ ఇదే. ఒకరు చెప్పేటప్పుడు రెండో మనిషిని దూరంగా కూర్చోమంటారు. తర్వాతే ఇద్దర్నీ ఎదురుపెడతారు.

రెండో గుంట: రెండు వాక్యాలు ఉన్నాయి కాబట్టి రెండు సంగతులు ఉన్నాయనుకోవడం. చూడండి. కిలో ఇప్పపువ్వు ధర ఎంత? ఒకటో వాక్యం: 2 కిలోల ఇప్పపువ్వు, 3 కిలోల చింతపండు కలిపి 210 రూపాయలు. రెండో వాక్యం: 4 కిలోల ఇప్పపువ్వు, 6 కిలోల చింతపండు కలిపి 420 రూపాయలు. తెలియనివి రెండు, సమీకరణాలు రెండు, కాబట్టి జవాబు 3 అని పరుగెత్తుతారు. ఆగి చూడండి. రెండో వాక్యం ఒకటోదాన్ని రెట్టింపు చేసి చెప్పింది, అంతే. ఒకే కాగితాన్ని రెండుసార్లు జిరాక్స్ తీస్తే రెండు సాక్ష్యాలవుతాయా? జవాబు 4.

మూడో గుంట: చెప్పనిదాన్ని మనమే ఊహించుకోవడం. ఒక సంఖ్య వర్గం 9 అన్నారు. సంఖ్య 3 అనేస్తాం. మైనస్ 3 కూడా ఉంది. అది ధనసంఖ్య అని రెండో వాక్యం చెబితేనే 3 ఖాయమవుతుంది. పటం ఇస్తే, చూడ్డానికి లంబకోణంలా ఉంది కాబట్టి లంబకోణమే అనుకుంటాం. చెప్పారా? చెప్పకపోతే అది లేదు.

నాలుగో గుంట అన్నిటికంటే లోతైనది. నేను ఈ వ్యాసానికి పేరు పెట్టింది దాని మీదే. హాస్టల్లో పిల్లలు 100 మంది కంటే ఎక్కువ ఉన్నారా? ఒకటో వాక్యం: 12 మంది చొప్పున వరుసలు కడితే ఎవరూ మిగలరు. రెండో వాక్యం: పిల్లలు 80 మంది కంటే ఎక్కువ, 95 మంది కంటే తక్కువ.

ఒకటో వాక్యం ప్రకారం 84 మంది ఉండొచ్చు, 120 మంది ఉండొచ్చు. తేలలేదు. చాలదు. రెండో వాక్యం ప్రకారం 95 లోపే ఉన్నారు. అంటే 100 కంటే ఎక్కువ లేరు. ‘లేరు’ అని జవాబు వచ్చింది కాబట్టి రెండో వాక్యం చాలదు అని మన పిల్లలు 4 దిద్దుతారు. తప్పు. ‘లేరు’ అని ఖాయంగా చెప్పగలిగాం కదా! ఖాయమైన ‘కాదు’ కూడా జవాబే. సమాచారం చాలింది. ఆప్షన్ 2. ఔను అని తేలినా, కాదు అని తేలినా సమాచారం చాలినట్టే. తేలనప్పుడే చాలనట్టు.

‘కాదు’ అంటే తెలిసింది అని. ‘చాలదు’ అంటే ఇంకా తెలియలేదు అని. ఈ రెండింటినీ కలిపేస్తే పరీక్షలో ఒక మార్కు పోతుంది. బయట ఏం పోతుందో కొంచెంసేపట్లో చెబుతాను.

బడి పోగొట్టిన ప్రశ్న

డీఎడ్ చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతికి ఒక లెక్క ఇచ్చాను. ఒకాయన దగ్గర 12 మేకలు ఉన్నాయి, 5 అమ్మాడు, ఎన్ని మిగిలాయి? ఒక పిల్లాడు పలక మీద ఏమీ రాయలేదు. ఏమిరా అంటే, “ఈ మధ్యలో ఏమైనా ఈనినయ్యా సార్?” అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. పలక మీద సున్నా చుట్టాను.

ఇప్పుడు ఆ సున్నా నాకు పడాల్సిందని తెలుసు. ఆ పిల్లాడి ఇంట్లో మంద ఉంది. మంద లెక్క తేలాలంటే అమ్మినవే కాదు, ఈనినవి, చచ్చినవి, తప్పిపోయినవి కూడా చెప్పాలని వాడికి తెలుసు. ‘మీరిచ్చింది చాలదు సార్’ అని వాడు నన్ను అడిగాడు. ఎంబీఏ పరీక్షలో ఇరవై మార్కులు పెట్టి అడుగుతున్న తెలివి అదే. ఆ ఇరవై మార్కుల తెలివికి నేను ఎనిమిదేళ్ల వయసులో సున్నా చుట్టాను. తర్వాత ఎప్పుడూ వాడు ప్రశ్న అడగలేదు. ఇచ్చిన అంకెల్ని కూడడం, తీసెయ్యడం నేర్చుకున్నాడు.

ఇది ఒక్క మన గూడెం సంగతి కాదు. 1979లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసే సంస్థ ఒకటి ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చింది. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసు ఎంత? 97 మంది పిల్లల్లో 76 మంది ఆ అంకెల్ని వాడి ఏదో ఒక వయసు చెప్పారు. గొర్రెలకూ కెప్టెన్ వయసుకూ సంబంధం లేదని వాళ్లకు తెలియక కాదు. బడిలో లెక్క ఇచ్చారంటే జవాబు ఉండే తీరాలని, ఇచ్చిన అంకెలన్నీ వాడాలని బడే వాళ్లకు నేర్పింది.

అంటే ఏమిటి? ఈ ఇరవై ప్రశ్నలు ‘ఎక్కకపోవడం’ ఆదివాసీ బుర్రకు పుట్టుకతో వచ్చిన లోపం కాదు. ధనిక దేశం పిల్లలకు కూడా బడి అంటించే జబ్బు ఇది. వాళ్లకు డబ్బులున్న తల్లిదండ్రులు, మంచి టీచర్లు తర్వాత మందు వేస్తారు. మనకు మాత్రం ‘వదిలెయ్యండి’ అని చెబుతారు.

మన మీద ఇచ్చిన తీర్పు

ఇప్పుడు టీచర్లకు ఒక డేటా సఫిషియెన్సీ ప్రశ్న ఇస్తాను. జవాబు మీరే దిద్దండి.

ఈ పిల్లకు లెక్కలు వచ్చా? ఒకటో వాక్యం: లెక్కల పరీక్షలో ఆమెకు 100కి 22 మార్కులు వచ్చాయి. రెండో వాక్యం: ఆమె ఇంట్లో కోయ మాట్లాడుతుంది, పరీక్ష పుస్తకాల తెలుగులో ఉంది.

ఒకటో వాక్యం ఒక్కటే చాలా? లెక్క రాక తప్పిందో, ప్రశ్న అర్థం కాక తప్పిందో అది చెప్పదు. రెండోది ఒక్కటే చాలా? చాలదు. రెండూ కలిపితే? భాష అడ్డం పడి ఉండొచ్చని అనుమానం మాత్రం వస్తుంది. లెక్క వచ్చో రాదో ఇంకా తేలలేదు. ఆమె భాషలో అడిగి చూడాలి. సంతలో ఆమె చేతికి పది రూపాయల నోట్లిచ్చి చూడాలి. జవాబు 4, అదనపు సమాచారం కావాలి.

కానీ మన వ్యవస్థ ఏం దిద్దింది? ఒకటో వాక్యం చూసి ‘గిరిజన పిల్లలకు లెక్కలు రావు’ అని తీర్పు రాసేసింది. రిజిస్టర్లో, రిపోర్టులో, ఉపన్యాసంలో అదే రాస్తోంది. చాలని సమాచారం మీద ఖాయమైన ‘కాదు’ రాసింది. ఆ తీర్పునే కోచింగ్ సారు మా మేనకోడలి మీద మళ్లీ చదివాడు. ఆమె ఒక్క ప్రశ్న కూడా చేసి చూపకముందే ‘ఇవి మీకు ఎక్కవు’ అన్నాడు. డేటా సఫిషియెన్సీ చెప్పే మాస్టారు ఏ డేటా లేకుండానే తేల్చేశాడు. ఆ పరీక్షలో నిజంగా ఫెయిలైంది ఎవరు?

గ్రామసభలో అదే ప్రశ్న

ఎంబీఏ చదవని మనకెందుకు ఇదంతా అనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాట. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీ భూమికి హక్కు ఇవ్వాలని చెప్పింది. క్లెయిము ఫారం అంటే ఏమిటి? ఒక ప్రశ్న, దాని కింద వాక్యాలు. ప్రశ్న: ఈ భూమి ఆ తేదీకి వీళ్ల సాగులో ఉందా? వాక్యాలు: మన సాక్ష్యాలు.

ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వ నిబంధన చదవండి. ఏవేవి సాక్ష్యమో అందులో రాసి ఉంది. ప్రభుత్వ రికార్డులు ఉన్నాయి. ఇల్లు, గట్లు, చదును చేసిన నేల వంటి కంటికి కనిపించే గుర్తులున్నాయి. హక్కుదారు కాని ఊరి పెద్దల మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. వీటిలో ఒకటి కంటే ఎక్కువ పరిశీలించాలని కూడా అక్కడే ఉంది. అంటే ఆప్షన్ 3 మన చట్టంలోనే రాసి ఉంది. గట్టు ఒక్కటే చాలకపోవచ్చు. పెద్దాయన మాట ఒక్కటే చాలకపోవచ్చు. రెండూ కలిస్తే చాలొచ్చు. అయితే రెండో గుంట గుర్తుందా? ఒకే మాటను ఇద్దరి చేత రాయిస్తే కాగితాలు రెండవుతాయి, బలం ఒకటే ఉంటుంది. వేరువేరు రకాల సాక్ష్యం పెట్టాలి. ఈ సంగతి తెలిసిన పిల్ల ఒకతె అటవీ హక్కుల కమిటీలో కూర్చుంటే ఎన్ని ఫారాలు గట్టిపడతాయో ఆలోచించండి.

ఇక ఆఫీసు వైపు చూడండి. శాటిలైట్ ఫొటోలో సాగు కనిపించలేదని తిరస్కరించామన్న మాట మన గూడేల్లో వినని వాళ్లున్నారా? ఫొటోలో కనిపించలేదు అన్నది ఒక వాక్యం. దాంతో భూమి సాగులో లేదని తేలిందా? చెట్ల కింద పోడు ఫొటోలో కనపడుతుందా? 2012లో నిబంధనలు సవరించినప్పుడు శాటిలైట్ చిత్రం మిగతా సాక్ష్యానికి తోడుగా ఉండొచ్చు కానీ దాని స్థానంలో కూర్చోకూడదని స్పష్టంగా రాశారు. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదన్నారు. గ్రామసభ పంపింది అసంపూర్తిగా ఉందనిపిస్తే, పై కమిటీ దాన్ని కొట్టెయ్యకుండా మళ్లీ పరిశీలించమని గ్రామసభకే తిప్పి పంపాలన్నారు. అంటే ఏమిటి? ‘చాలదు’ అనిపిస్తే ‘కాదు’ అని రాయొద్దు, అదనపు సమాచారం అడగండి అని. ఆప్షన్ 4 ఎలా వాడాలో నిబంధనే చెబుతోంది.

ఆ తేడా చెరిపేస్తే ఏమవుతుందో 2019లో చూశాం. ఆ ఏడాది ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. దేశమంతా ఆదివాసీలు కదిలారు. ఫిబ్రవరి 28న కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. అసలు తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ఆ పదిహేను రోజులు మనం నిద్రపోయామా? ‘చాలదు’ అని రాయాల్సిన చోట ‘కాదు’ అని రాసిన ప్రతి కాగితం వెనక ఒక ఇల్లు ఉంది.

తిరస్కరణ కాగితం చేతికొస్తే ఏం అడగాలి? కారణం అడగాలి. రాతపూర్వకంగా కారణం ఇవ్వాల్సిందే. పై కమిటీకి అప్పీలు చేసుకోవడానికి అరవై రోజుల గడువు ఉంది. ఆ అప్పీలు రాయడానికి కూర్చునే పిల్ల, ‘మీరు చూపిన ఈ ఒక్క వాక్యం ఈ తీర్పుకు చాలదు’ అని రాయగలగాలి. ఆ వాక్యం ఆమెకు నేర్పేది ఎవరు?

మనవాళ్లదే ఒక ఎదురుమాట

మన రచయితల్లో కొందరు అంటారు: ఈ పరీక్షలు మనవి కావు, మన జ్ఞానాన్ని కొలవవు, వాటి వెంట పరుగెత్తడమే బానిసత్వం అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ప్రశ్నపత్రంలో తెలుగు మన ఇంటి తెలుగు కాదు. అందులో కోయ లేదు, గోండి లేదు, కొలామీ లేదు. కోచింగ్ పట్నంలో ఉంది, ఫీజు వేలల్లో ఉంది. ఇదంతా నిజం, దీని మీద కొట్లాడాల్సిందే.

కానీ పరీక్ష మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. పరీక్ష ఉన్నంత కాలం మన పిల్ల ఖాళీ చేతులతో అందులోకి పోవాలా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పామనుకోవడం, ఒకటో వాక్యాన్ని రెండోదానితో కలిపెయ్యడమే. పైగా ఈ ఇరవై ప్రశ్నల్లో ఉన్న తెలివి పట్నం సొత్తు కాదు. అడుగు చూసి జంతువేదో చెప్పేవాడు, ఆ ఒక్క అడుగుతో అది ఎటు పోయిందో చెప్పడు. విరిగిన కొమ్మ కోసం, తడి మట్టి కోసం వెతుకుతాడు. ఉన్నదానితో ఎంత చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది మన తాతలకు తెలుసు. మనం పోగొట్టుకుంటున్నది దాన్నే. తిరిగి తెచ్చుకోవడంలో బానిసత్వం ఎక్కడుంది?

ఏం చేద్దాం

తోటి టీచర్లారా, దీనికి జీవో రానక్కర్లేదు, ఐటీడీఏ నిధులు రానక్కర్లేదు. వారానికి ఒక్క పీరియడ్‌లో పది నిమిషాలు చాలు. మూడో తరగతి నుంచే లెక్క ఇచ్చి, జవాబు అడక్కుండా ‘ఇది చాలునా?’ అని అడగండి. చాలకపోతే ‘ఇంకేం కావాలి?’ అని అడగండి. కావాలనే ఒక అంకె తీసేసి లెక్క ఇవ్వండి. కావాలనే అక్కర్లేని అంకె ఒకటి పెట్టండి. పిల్ల తన భాషలో చెబితే తన భాషలోనే విని మెచ్చుకోండి. మేకలు ఈనాయా అని అడిగినవాడికి పలక మీద సున్నా బదులు మార్కు వేయండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో సమీకరణాలు చెప్పేటప్పుడు, ఎన్ని సమీకరణాలుంటే జవాబు తేలుతుంది, ఎప్పుడు తేలదు అన్నది కూడా చెప్పండి. జ్యామితిలో దత్తాంశం, సారాంశం అని బట్టీ పట్టిస్తాం కదా, దత్తాంశంలో ఒక ముక్క చెరిపేసి సిద్ధాంతం నిలబడుతుందా అని అడగండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఐసెట్ రాసేవాళ్లు ఆ ఇరవై ప్రశ్నల్ని వదలొద్దు. పాత పేపర్లు తీసుకుని రోజుకు పది చేయండి. అరచేత్తో కప్పండి. జవాబు తేలుతుందని తెలిసిన చోట పెన్ను దించండి. ఔను, కాదు ప్రశ్నల్లో ‘కాదు’ వచ్చినా ఖాయమైతే చాలినట్టేనని పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. తప్పైనవాటిని మళ్లీ చూసి ఏ గుంటలో పడ్డారో పక్కన రాయండి. ముగ్గురు నలుగురు కలిసి కూర్చుని, ఒకరు ‘చాలు’ అంటే ఇంకొకరు ‘చాలదు’ అని వాదించండి. వాదనలోనే ఇది వస్తుంది.

మా మేనకోడలు ఆ వేసవిలో మా వాకిట్లో కూర్చుని, గైడులో గీతలు కొట్టిన ప్రశ్నలు మొదటిసారి చేసింది. ఇరవైలో ఎనిమిది వచ్చాయి. తప్పైన పన్నెండులో ఏడు నాలుగో గుంటలోవే. నాలుగు రోజుల తర్వాత వేరే పేపరు ఇస్తే పద్నాలుగు వచ్చాయి. ఆమెకు ఎంత ర్యాంకు వస్తుందో నేను చెప్పను. దానికి నా దగ్గరున్న సమాచారం చాలదు. ‘ఇవి మీకు ఎక్కవు’ అన్న మాట మాత్రం తప్పని చెప్పడానికి ఆ రెండు పేపర్లు చాలు.

సెలవైపోయి తిరిగి పోయేటప్పుడు ఆమె నన్ను అడిగింది: “మామా, వెనక బెంచీలో నాతోపాటు ఇంకా ముగ్గురున్నారు. వాళ్లకు ఎవరు చెబుతారు?”

ఆమెకు నేనేం చెప్పానన్నది ముఖ్యం కాదు. ఇది చదివిన టీచరు ప్రతి ఒక్కరూ ఆ ప్రశ్నకు రేపు ఉదయం మొదటి పీరియడ్‌లో జవాబు చెప్పాలి.